గోడకు జ్వరం

కొత్త టైల్స్ మీద ఎండిపోయిన తెల్ల సిమెంటు చారలను తడిగుడ్డతో తుడుస్తూ ఆమె ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "ఓవెన్‌కి విడిగా వైరు లాగించారా?"

భర్త వంటింటి గుమ్మంలో నిలబడి, చేతులు వెనక్కి కట్టుకొని, గోడను చూసుకొని మురిసిపోతున్నాడు. "గోడ మూసేశాం. ఇక నీ లెక్కలు కూడా మూసెయ్యి" అన్నాడు, నవ్వుతూనే.

నవ్వుతూ అన్న మాటకు నొచ్చుకోవడం ఆ ఇంట్లో నేరం. నొచ్చుకున్నవారికి హాస్యం తెలియదన్న పేరు వస్తుంది. ఆ పేరు పెళ్ళయిన కొత్తల్లోనే ఆమెకు వచ్చేసింది. అందువల్ల ఆమె గుడ్డను బకెట్లో ముంచి, పిండి, మరొక చారను తుడిచింది. తుడుస్తున్నంతసేపూ ఆమె కళ్ళు మాత్రం పాత మిక్సీ బోర్డు ఉండిన చోటును వెతుకుతూనే ఉన్నాయి. అక్కడ గోడలో ఒక ఇనుప పెట్టె ఉండేది. అందులో, ఎప్పుడో ఎవరో రెండు వైర్లను మెలివేసి, నల్ల టేపు చుట్టి వదిలేసిన అతుకు ఒకటి ఉండేది. మేస్త్రీ దాని మీదుగానే టైల్ అతికించేశాడు. బయటినుంచి చూస్తే మీగడ తరకలా తెల్లని గోడ. లోపల ఏముందో ఆ ఇంట్లో తెలిసినది ఆమె ఒక్కతెకే.

ఓవెన్ ఆమె కోసం కొన్నది కాదు. కూతురి కోసం కొన్నది. కాపురం నిలవక, బడికి పోయే వయసు పిల్లను వెంటబెట్టుకొని కూతురు పుట్టింటికి వచ్చేసిన తర్వాత కొన్ని నెలలు గోడవైపు తిరిగి పడుకొనే గడిపింది. తింటావా అంటే తిన్నది, పడుకో అంటే పడుకుంది. ఒకనాడు పిల్ల పుట్టినరోజుకని పక్కింటివారి చిన్న ఓవెన్ అడిగి తెచ్చి ఒక కేకు చేసింది. అది తిన్నవారు ఇంకొకటి చేసిపెట్టమన్నారు. ఆ ఇంకొకటి తిన్నవారు మరొకరికి చెప్పారు. పిండి జల్లిస్తూ, గుడ్లసొన గిలకొడుతూ, కూతురు మళ్ళీ కూనిరాగం తీయడం ఆమె చెవిన పడ్డ రోజున, ఆమె స్నానాల గదిలోకి పోయి, కుళాయి తిప్పి, కడుపారా ఏడ్చి వచ్చింది. ఆ సంతోషంలో భర్తకూ పాలున్నది. "నా కూతురు ఒకరి ఓవెన్ ముందు చేయి చాచడమేమిటి?" అని, అలమరలో బిగించే పెద్ద ఓవెన్‌ను తానే వెళ్ళి కొనుక్కొచ్చాడు. దానికోసం పాత వంటింటిని పీకించి, కొత్త అలమరలు చేయించాడు. కూతురంటే అతనికి ప్రాణం. ఆ విషయంలో అతనిని వేలెత్తి చూపడానికి లేదు.

కాకపోతే అతడు ఉద్యోగం చేసినన్నాళ్ళూ అనుకున్న తేదీకన్నా ముందే పని ముగిస్తాడని పేరు తెచ్చుకున్న అధికారి. పదవీ విరమణ చేసిన తర్వాత ఆ పేరును నిలబెట్టుకోవడానికి అతనికి ఇల్లు తప్ప మరొక కార్యాలయం మిగలలేదు. టైల్స్ పని ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆగాలని ఆమె చెప్పిననాడు, "నువ్వు చెప్పినట్టు ఆగుతూ పోతే నా మనవరాలి పెళ్ళికి తయారవుతుంది వంటిల్లు" అన్నాడు. మేస్త్రీ నవ్వాడు. మేస్త్రీ నవ్వాడు కనుక ఆ మాటకు అప్పీలు లేకపోయింది.

ఎలక్ట్రీషియన్ మర్నాడు వచ్చాడు. నెమ్మదైన మనిషి. చెప్పులు బయట విడిచి, ఓవెన్ పెట్టె మీది చీటీని చదివి, బోర్డు తెరిచి చూసి, గోడను చూసి, "దీనికి వేరే లైను ఎక్కడ సార్?" అని భర్తను అడిగాడు.

"పాత లైను ఉందిగా. దానికే ఇచ్చెయ్."

"ఆ వైరు సన్నం" అన్నది ఆమె. "దాని మీద ఇప్పటికే ఫ్రిజ్ ఉంది. ఈ ఓవెన్ ఒక్కటే మిగతా వంటిల్లంతా కలిసి తాగినంత కరెంటు తాగుతుంది. బోర్డు నుంచి లావు వైరు విడిగా రావాలి. పైగా గోడలో అతుకుంది."

ఎలక్ట్రీషియన్ ఆమెకేసి చూడకుండానే తల ఊపి, భర్తతో, "మేడం చెప్పేది కరెక్టే సార్. కానీ ఇప్పుడు గోడ పగలగొట్టాలి" అన్నాడు.

"నిన్న అతికించిన గోడ ఈరోజు పగలగొడితే చూసినవాళ్ళు నన్ను పిచ్చివాడంటారు. వాడు చెప్పాడు, ఈవిడ చెప్పింది, అని ఇల్లంతా తవ్వుకుంటామా? ఇవ్వవయ్యా, ఏం కాదు."

అతడు ఇచ్చాడు. ఆమె చెప్పినది సరైనదేనని ఒప్పుకుంటూనే, చెప్పినది ఆమె కనుక దానిని పక్కనపెట్టడం ఎలాగో మగవారికి ఒకరికొకరు నేర్పుకోనక్కరలేదు. ఆమె దానిని ఉద్యోగంలో ఉన్న రోజుల నుంచీ ఎరుగును. పెద్ద పెద్ద భవనాలకు కరెంటు పథకాలు గీసే కార్యాలయంలో ఆమె ఇంజనీరుగా పనిచేసింది. ఏ అంతస్తుకు ఎంత భారం, ఏ తీగె ఎంత మోయగలదు, ఎక్కడ ఆపాలి, ఎక్కడ వదలాలి, అన్నీ లెక్కకట్టేది. లెక్క ఆమెది, సంతకం పక్క బల్ల ఆయనది. "మీ లెక్కకు తిరుగులేదు మేడం. కానీ కాంట్రాక్టర్లు ఆడవాళ్ళ సంతకం చూస్తే బేరం మొదలుపెడతారు" అని పై అధికారి ఎంతో మర్యాదగా చెప్పాడు. కట్టడం దగ్గరికి పోతే, "సార్ ఎవరూ రాలేదా అమ్మా?" అని అడిగేవారు. ఇంటికి వస్తే అత్తగారు వచ్చినవాళ్ళకు పరిచయం చేసేది. "మా కోడలికి కరెంటు గురించి అంతా తెలుసు. కాఫీలో చక్కెర ఎంత వెయ్యాలో మాత్రం అడగకండి." వచ్చినవాళ్ళు నవ్వేవారు. ఆమె కూడా నవ్వి, కాఫీ కలపడానికి లోపలికి పోయేది. చక్కెర సరిగ్గానే ఉండేది. ఆ సంగతి ఎవరూ పైకి అనేవారు కాదు.

ఉద్యోగం మానిన సంగతిని ఆమె తలచుకోదు. కూతురు పసిబిడ్డగా ఉన్నప్పుడు వారానికొకసారి జ్వరం వచ్చేది. ఒకనాడు ఆమె కార్యాలయం నుంచి వచ్చేసరికి బిడ్డ ఒళ్ళు పెనంలా కాలుతోంది. అత్తగారు దేవుడి గదిలో ఉంది, భర్త పత్రిక చదువుతున్నాడు. "బిడ్డకు జ్వరం వస్తే నీ లెక్కలొచ్చి తడిగుడ్డ వేస్తాయా?" అన్నాడు, పత్రిక దించకుండానే. తడిగుడ్డ తాను కూడా వేయవచ్చునన్న ఆలోచన అతనికి రాలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజున ఆమెకూ రాలేదు. మర్నాడు రాజీనామా ఇచ్చింది. అటుపైన రాత్రింబవళ్ళు బిడ్డ నుదుటి మీద అరచేయి ఆనించి, వేడి ఎంత ఎక్కిందో, ఎంత దిగిందో చెప్పడంలో ఆమె ఏ థర్మామీటరుకూ తీసిపోలేదు. ఎందుకు మానావని కూతురు ఎన్నడూ అడగలేదు. ఆమె చెప్పలేదు. చెబితే బిడ్డ తల్లికి బాకీ పడ్డట్టవుతుంది. అలాంటి బరువు మోస్తూ ఏ పిల్లా తిన్నగా నడవలేదని ఆమె నమ్మకం.

ఓవెన్ అలమరలో కూర్చుంది. అద్దం తలుపు, లోపల పసుపు దీపం, చూడముచ్చటగా ఉంది. కూతురు పిల్లను ఎత్తుకొని దాని ముందు నిలబడి, అద్దంలో ఇద్దరి ముఖాలనూ చూసుకుంది. ఆ ముఖంలోని వెలుగును చూసి ఆమె తన మాటలను మింగేసింది. మొదటి కేకు లోపల పెట్టిన కాసేపటికి వంటింట్లో దీపాలు తప్ప మిగతావన్నీ ఆగిపోయాయి. బోర్డులోని చిన్న స్విచ్ పడిపోయింది. భారం మించగానే తనంతట తాను పడిపోయి కరెంటును ఆపేయడమే దాని పని. లేపితే మళ్ళీ పడింది. ఫ్రిజ్ ఆపి ఓవెన్ పెట్టారు, కొంత నిలబడింది. ఫ్రిజ్ పెట్టగానే పడింది.

"పని చెబితే చాలు పడిపోతోంది, అచ్చం మీ తమ్ముడిలాగా" అన్నాడు భర్త.

"అది పడిపోతున్నందుకే మనం క్షేమంగా ఉన్నాం" అన్నది ఆమె.

"చూశావా తల్లీ, మీ అమ్మకు పనిచేసే వస్తువు నచ్చదు. పనిచేయనిదే నచ్చుతుంది. నన్ను అందుకే చేసుకుంది" అని అతడు కూతురివైపు చూసి కన్ను గీటాడు. కూతురు కూడా నవ్వింది. తన మీద తాను వేసుకున్న ఆ చురకతో అతడు పందెం గెలిచేశాడు. తనను తాను తిట్టుకున్నవాడితో ఎవరు వాదించగలరు?

రెండు రోజుల తర్వాత ఆమె పిల్లను బడిలో దింపి, కూరలు కొనుక్కొని ఇంటికి వచ్చేసరికి ఫ్రిజ్, ఓవెన్ రెండూ పనిచేస్తున్నాయి. ఇల్లంతా కేకు వాసన. కూతురు నుదుటి మీద పిండి, పెదవుల మీద కూనిరాగం. ఆమె కూరల సంచి నేల మీద పెట్టి బోర్డు మూత తెరిచింది. చిన్న స్విచ్ ఉన్న చోట దానికి రెట్టింపు భారానికి గాని పడని పెద్ద స్విచ్ బిగించి ఉంది. వైరు మాత్రం అదే సన్న వైరు. ఇంట్లో కుక్క మొరుగుతోందని దాని నోరు కట్టేసి, ఇక దొంగల భయం లేదని పడుకున్నట్టుంది ఆ ఏర్పాటు.

ఆమె ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసింది. "చెప్పాను మేడం, వద్దని. సార్ వినలేదు. సార్ ఒక్క మాట ఫోన్ చేసి చెప్తే ఇప్పుడే వచ్చి తీసేస్తాను" అన్నాడతడు. "నేను చెబుతున్నానుగా" అన్నది. "సార్ చెప్పాలి మేడం" అన్నాడు మళ్ళీ, జాలిగా.

భర్త దగ్గరికి పోవడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. ఆమె కూతురి దగ్గరికి పోయింది. కూతురు పిండి జల్లిస్తోంది. తెల్లని పొడి గిన్నెలో కుప్పగా పడుతోంది.

"ఈ ఓవెన్ కొన్నాళ్ళు ఆపుదామమ్మా. గోడ తెరిచి కొత్త వైరు వేయించాక మొదలుపెడుదువుగాని. ఆ స్విచ్ మార్చడం ప్రమాదం."

"అమ్మా, నాకు వచ్చే వారం పెద్ద ఆర్డరుంది. ఆఫీసు ఫంక్షన్. వాళ్ళకి నచ్చితే నెలనెలా ఇస్తామన్నారు. నీకు తెలుసుగా."

"తెలుసు. అందుకే చెబుతున్నాను. దాని ముందు రోజంతా నిలబడేది నువ్వు."

"నాన్న ఎలక్ట్రీషియన్‌ని అడిగారు, అతను ఏం కాదన్నాడట. నువ్వొక్కదానివే అవుతుందంటున్నావు. నీకెలా తెలుసు?"

"అది నా పని కనుక."

కూతురు జల్లెడ ఆపింది. నిజంగానే అర్థం కానట్టు చూసింది. "ఏ పని? నువ్వేదో ఆఫీసులో గీతలు గీసేదానివని నానమ్మ చెప్పేది. అదా?"

గీతలు. ఆమె గిన్నె అంచుకు అంటిన పిండిని వేలితో లోపలికి తోసింది. ఆ గీతలు ఇప్పటికీ కొన్ని ఆసుపత్రుల గోడల్లో, కొన్ని బడుల కప్పుల్లో ఉన్నాయనీ, వాటి వెంట పోయే కరెంటుతో ఎందరో రోగుల పక్కన యంత్రాలు ఆగకుండా నడుస్తున్నాయనీ చెప్పడానికి నోరు తెరిచింది. కానీ ఆ మాటలు ఆ వంటింట్లో ఎంత అతకనివిగా వినిపిస్తాయో తనకే తెలిసి, నోరు మూసుకుంది. తన గురించి తాను చెప్పుకోవడం ఒక భాష. దానిని చాలాకాలం మాట్లాడకపోతే ఉచ్చారణ పోతుంది.

"వద్దంటే వద్దనే చెబుతున్నాను" అన్నది చివరికి.

అప్పుడు కూతురు గొంతు పెంచకుండానే, పిండి గిన్నె మీదినుంచి చూపు ఎత్తకుండానే అన్నది. "నాన్నకి ఒక్కరోజు కూడా వద్దని చెప్పలేదు నువ్వు. నానమ్మకి చెప్పలేదు. అక్కడ నేను పడలేకపోతున్నానని ఏడిస్తే, సర్దుకుపోమ్మా అని చెప్పావు తప్ప, వాళ్ళకి వద్దని చెప్పలేదు. ఆ వద్దు అనేదేదో నా కోసమే దాచిపెట్టావా అమ్మా? నేను లేచి నిలబడ్డ రోజు కోసం?"

ఆ మాటల్లో అబద్ధం ఒక్కటే ఒక్కటి, చివరిది, మిగతాదంతా నిజం. సర్దుకుపోమ్మా అన్న గొంతు తనదే. ఆ గొంతుతోనే ఇప్పుడు గోడ పగలగొట్టమంటే ఎవరు వింటారు?

ఆ రోజు నుంచి ఆమె వాదించడం మానేసింది. ఓవెన్ వెలిగించినప్పుడల్లా వంటింట్లోకి వచ్చి, చేతిలో ఏదో ఒక పని పెట్టుకొని, పాత మిక్సీ బోర్డు ఉండిన చోట గోడకు అరచేయి ఆనించేది. కూరలు తరుగుతూ మధ్యలో ఒకసారి, గిన్నెలు తుడుస్తూ ఒకసారి. మొదట్లో టైల్ చల్లగానే ఉండేది. పొయ్యి పక్క గోడకూ ఈ గోడకూ తేడా తెలుసుకోవడానికి రెండు చేతులూ రెండు చోట్ల ఆనించేది. ఫ్రిజ్ తలుపు ఎక్కువసార్లు తీయకుండా పాలూ వెన్నా ముందే తీసి బల్ల మీద పెట్టేది. ఓవెన్ నడుస్తున్నప్పుడు ఫ్రిజ్‌ను ఎవరూ చూడకుండా ఆపేది. చల్లదనం పోకముందే మళ్ళీ పెట్టేది. అలా ఆమె కాపలా కాసినన్నాళ్ళూ ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కనుక అతడు చెప్పినదే నిజమయింది.

"ఏమిటే తల్లీ, మీ అమ్మ గోడకు జ్వరం చూస్తోంది?" అన్నాడు భర్త ఒకరోజు, టీ కప్పు పట్టుకొని. "నూటొకటి ఉందేమో అడుగు. మాత్ర వేద్దాం."

మనవరాలికి ఆ మాట నచ్చింది. ఆ పిల్ల అన్నం తినే చిన్న బల్లపీట ఆ గోడ పక్కనే. గోడకు వీపు ఆనించి కూర్చోవడం దానికి అలవాటు. బడి నుంచి రాగానే చిన్న అరచేతిని టైల్ మీద పెట్టి, "అమ్మమ్మా, గోడకి తగ్గిందా?" అని అడిగేది. ఆమె పీటను కిటికీ పక్కకు జరిపింది. సాయంత్రానికి ఎవరో దాన్ని మళ్ళీ గోడ పక్కకు జరిపారు, నడవడానికి అడ్డమని.

ఆఫీసు ఆర్డరు ఇవ్వవలసిన రోజు వచ్చింది. తెల్లవారకముందే లేచి కూతురు పిండి కలిపింది. వంటింటి బల్ల నిండా కేకు గిన్నెలు, ఒకదాని వెనక ఒకటి వరుసగా. ఓవెన్ ఇక చల్లారే ప్రసక్తి లేదు. ఒక వాయి తీయడం, ఇంకొకటి పెట్టడం. క్రీము గట్టిపడాలని ఫ్రిజ్ కూడా ఆపకూడదని కూతురు గట్టిగా చెప్పింది. తల్లి ఆపుతోందన్న సంగతి కూతురికి ఎప్పుడో తెలుసన్నమాట. భర్త ఫోన్‌లో ఎవరికో, "మా అమ్మాయి చేస్తోంది, పెద్ద కంపెనీవాళ్ళు అడిగి మరీ ఇచ్చారు" అని చెబుతున్నాడు. ఆ ఇంట్లో అంత సందడి చాలాకాలం తర్వాత అది.

ఎండ ముదిరేసరికి ఆమెకు ఒక వాసన తగిలింది. కేకు వాసన కింద, సన్నగా, మాడిన ప్లాస్టిక్ దువ్వెన లాంటి వాసన.

"కొత్త ఓవెన్ మొదట్లో అలాగే వాసన వేస్తుందని పుస్తకంలో రాశాడు" అన్నాడు భర్త.

ఆమె గోడకు అరచేయి ఆనించింది. ఆనించి ఉంచలేకపోయింది. వెనక్కి తీసి, మళ్ళీ పెట్టింది. ఆ చేతికి వేడి సంగతి తెలుసు. దిగే జ్వరం ఏదో, ఎక్కే జ్వరం ఏదో తెలుసు. ఇది ఎక్కేది.

"వచ్చి చూడండి" అన్నది. భర్త వచ్చి, వేలికొనతో తాకి, "పక్కన అంత ఓవెన్ కాలుతుంటే గోడ చల్లగా ఉంటుందా?" అన్నాడు. కూతురు తాకనుకూడా లేదు. "ఇంకో రెండు వాయిలమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను. రెండే రెండు. తర్వాత ఈ గోడంతా పగలగొట్టుకో."

కాళ్ళు పట్టుకుంటానన్న ఆ గొంతులో ఉన్న దీనత్వం ఆమెను నిలువునా కోసేసింది. ఆ బిడ్డ అత్తవారింట ఇలాగే ఎవరెవరి కాళ్ళు పట్టుకున్నదో ఆమెకు తెలియదు. ఇప్పుడు తన కాళ్ళ దాకా వచ్చింది. రెండు వాయిలు. అతుకు ఇంకొక పది వాయిలకు నిలబడవచ్చు, ఒక్కదానికీ నిలబడకపోవచ్చు. లెక్కకట్టి చెప్పగల లెక్క కాదు అది. వంటింటి మధ్యలో నిలబడి ఆమె ఒక సంగతిని స్పష్టంగా చూసింది. తాను ఊరుకుంటే, గోడలోంచి పొగ వస్తే, మంట వస్తే, ఆ నాడు ఈ ఇంట్లో అందరూ తన మాట నిజమని ఒప్పుకుంటారు. అత్తగారు బతికి ఉంటే ఆమె కూడా ఒప్పుకునేది. తాను ఇప్పుడే ఆపేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోతే తాను జీవితాంతం, కన్నకూతురు కాళ్ళావేళ్ళా పడ్డా కనికరించని ఒక పిచ్చిదానిగా మిగిలిపోతుంది. జరగని ప్రమాదానికి సాక్షులుండరు.

ఆమె నడవాలోకి వెళ్ళి మెయిన్ ఆపేసింది.

ఓవెన్‌లోని పసుపు దీపం ఆరిపోయింది. ఇంట్లోని సన్నని రొదలన్నీ ఒక్కసారిగా మానడంతో, పక్కింటివారి కుళాయి చప్పుడు కూడా వినిపించింది. సగం పొంగిన కేకులు అద్దం వెనక నెమ్మదిగా కుంగసాగాయి. కూతురు వాటిని చూస్తూ నిలబడింది. భర్త అరిచాడు. ఏమరిచాడో ఆమె వినలేదు. చాలాకాలంగా వింటున్న మాటలే కనుక వినకపోయినా నష్టం లేదు. బోర్డు విప్పి, కొత్తగా బిగించిన పెద్ద స్విచ్‌ను మరలు సడలించి ఊడదీసింది. పనిముట్ల పెట్టెలోంచి ఉలి, సుత్తి తీసింది. మేస్త్రీ మురిపెంగా అతికించిన టైల్ మూడు దెబ్బలకు నెర్రెలిచ్చి రాలింది.

ఇనుప పెట్టె బయటపడింది. అతుకు మీది టేపు మెత్తబడి, జారి, ఒకవైపు ముద్దకట్టింది. రాగి తన రంగు పోగొట్టుకొని మసిబారింది. వైరు మీది ప్లాస్టిక్ గోరు తగిలితే పెళుసుగా విరిగింది. ఆమె దాన్ని పుస్తకంలా చదవగలిగింది. "చూడండి" అన్నది.

భర్త కళ్ళద్దాలు సర్దుకొని వంగి చూశాడు. "నల్ల టేపు నల్లగా ఉండక తెల్లగా ఉంటుందా?" అన్నాడు. "దీనికోసమా, పిల్ల నోటి దగ్గరి కూడు పడగొట్టావు?"

కూతురు గదిలోకి పోయి ఫోన్ చేసింది. తలుపు వేయలేదు. వినాలనే వేయలేదేమో. "సారీ అండీ. లేదండీ, ఈరోజు ఇవ్వలేను. ఇంట్లో చిన్న ఇబ్బంది. మా అమ్మగారికి... అవునండీ. వయసు కదా. కరెంటు అంటే కొంచెం భయం, అదొక రకం... అవునండీ, చూపిస్తున్నాం." ఆ తర్వాత చాలాసేపు అవతలివారు మాట్లాడారు. "అర్థమైందండీ. వేరేవాళ్ళకి ఇచ్చేయండి" అన్నది కూతురు, ఎంతో మర్యాదగా. ఆ మర్యాద ఆమెకు బాగా తెలిసినది. తన కడుపులోంచి వచ్చినదే.

కుంగిపోయిన కేకులను కూతురు ఒక్కొక్కటిగా చెత్తబుట్టలో బోర్లించింది. ఏడవలేదు. అంతా అయిన తర్వాత వచ్చి, విరిగిన టైల్ ముక్కల మధ్య నేల మీద కూర్చుని ఉన్న తల్లికి ఎదురుగా నిలబడింది.

"చూశావుగా. ఏం జరిగింది? ఏమీ జరగలేదు."

"అవునమ్మా" అన్నది ఆమె. "ఏమీ జరగలేదు."

ఆ మాట అంటుండగానే ఆమెకు తన బతుకంతా కళ్ళ ముందు కదిలింది. పొంగిపోని పాలు, ముదరని జ్వరాలు, నలుగురిలో పడని గొడవలు, వచ్చినవాళ్ళకు తెలియని లోట్లు. తాను చేసిన పని అంతా ఇదే. ఏమీ జరగకుండా చూడడం. చూపించమంటే చూపించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

"నేను ఇల్లు చూసుకుని వెళ్ళిపోతాను" అన్నది కూతురు. "చిన్నదైనా సరే. నా పొయ్యి నేను వెలిగించుకుంటాను. అత్తింటివాళ్ళు చేసినవన్నీ ఏదో ఒక రోజు మర్చిపోతానేమో. ఇది మాత్రం మర్చిపోను అమ్మా."

ఆమె ఆ మాటను మధ్యలో అడ్డుకోకుండా చివరిదాకా విన్నది. ఆ గొంతులోని కోపాన్నీ, కోపం వెనక ఎగసిపడే ఊపిరినీ విన్నది. కోపగించుకోవడానికి మనిషంటూ బతికి ఉండాలి. ఉన్నది. ఎదురుగా, నుదుటి మీద పిండితో, రెండు కాళ్ళ మీద నిలబడి ఉన్నది.

"వెళ్ళేటప్పుడు చెప్పు" అన్నది. "అక్కడి వైరు నేను వచ్చి చూస్తాను. నువ్వు నాతో మాట్లాడనక్కరలేదు."

కూతురు గదిలోకి వెళ్ళిపోయింది. ఆమె లేచి, బోర్డు దాకా కొత్త వైరు పోవలసిన దారిని గోడ మీద పెన్సిలుతో గీసుకొని, ఉలిని తర్వాతి టైల్ మీద ఆనించింది.